చీటీలో వచ్చిన పక్షం

కోరుట్లలో నా మిత్రుడికి పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్ ఉంది. ముహూర్తాలు బూటకమని కుర్రతనం నుంచి ఊరూరా ఉపన్యాసాలు చెప్పిన మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా 'శుభ ముహూర్తమున' అని అచ్చు గుద్ది బతుకుతాడు. ఎత్తిచూపితే ఆయనకు కోపం రాదు.

"నేను అచ్చేస్త గని నమ్మ సారూ. మీ కాలేజీల పాఠాలు చెప్పెటోళ్లు నమ్ముతరు గని ఒప్పుకోరు. ఇద్దర్ల ఎవలు నయం?" అంటాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రెస్ మిషన్లు ఆగాక, అదే గదిలో మా చర్చా వేదిక కూర్చుంటుంది. నేను జగిత్యాల నుంచి బస్సులో వెళతాను. మెట్‌పల్లి నుంచి కొందరు వస్తారు. మిగతావాళ్లు కోరుట్ల వాళ్లే. టీచర్లు, ఒక ఆర్ఎంపీ డాక్టరు, ఒక పాత కమ్యూనిస్టు, ఇద్దరు ముగ్గురు దుకాణదారులు. అచ్చు చెడిపోయిన పెళ్లికార్డుల నుంచి అట్ట ముక్కలు కత్తిరించి, సగం మీద 'అవును' అని, సగం మీద 'కాదు' అని రాసి, స్టీలు గిన్నెలో వేస్తాం. ఎవరికి ఏ చీటీ వస్తే వాళ్లు ఆ పక్షమే వాదించాలి. తను నమ్మినది కాకపోయినా సరే. చివర చేతులెత్తేది ఏ పక్షం నిజమో తేల్చడానికి కాదు, ఎవరు బాగా వాదించారో చెప్పడానికి.

ఈ పద్ధతి చూసి నేను చాలా గర్వపడ్డాను. తన నమ్మకానికి ఎదురుగా నిలబడి మాట్లాడగలిగినవాడే దాన్ని నమ్మే అర్హత ఉన్నవాడని రాశాను కూడా. దేవుడి మీద, కులం మీద, కర్మ మీద మేము చేసిన చర్చల్లో పదునంతా ఆ గిన్నెలో నుంచే వచ్చింది. కానీ దేవుడి మీద చర్చ ఎటు తేలినా దేవుడికి పోయేది లేదు. ఒకసారి ఆ గిన్నెలో ఒక మనిషి ఉద్యోగం వేశాం.

ఆమె జగిత్యాల కాలేజీలో నా దగ్గర అర్థశాస్త్రం చదువుకుంది. సొంత ఊరు కోనరావుపేట దగ్గర. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ, తర్వాత పీజీ, ఆ పైన పీహెచ్‌డీ పూర్తి చేసింది. సిరిసిల్లలో గది అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి బస్సులో వెళ్లి యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. పార్ట్‌టైం లెక్చరర్ అంటారు. పేరుకే పార్ట్‌టైం. సిలబస్ అంతా చెప్పేది ఆమె, పేపర్లు దిద్దేది ఆమె, హాస్టల్లో పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేది ఆమె. సెలవులు రాగానే మాత్రం ఆమె యూనివర్సిటీకి ఎవరూ కాదు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సెంటర్‌కు ఒక్క రెగ్యులర్ పోస్టు వచ్చింది. నోటిఫికేషన్, ఇంటర్వ్యూ అయిపోయాయి. ఎంపికలో ఆమెదే మొదటి స్థానం. చేతికి ఉత్తర్వు రావాల్సి ఉండగా యూనివర్సిటీకి కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చాడు. రిజర్వేషన్ లెక్కలో పొరపాటు ఉందని చెప్పి నోటిఫికేషన్ మొత్తాన్నే రద్దు చేశాడు. పొరపాటు ఎక్కడుందో చెప్పలేదు. ఇక మిగిలింది హైకోర్టు.

హైదరాబాదులో ఆమె కేసు ఒప్పుకున్న వకీలు మా వైపు వాడే. కాగితాలన్నీ చూసి, కేసు గట్టిగానే ఉందని చెప్పాడు. కానీ ఒక మెలిక పెట్టాడు. ఆ మాట ఆమె ప్రెస్‌కు వచ్చినప్పుడు ఫోను స్పీకరులో మేం కొందరం విన్నాం.

"మేడం, ఇప్పుడేస్తే యూనివర్సిటీ కేసులు చూస్తున్న జడ్జి సార్ ముందరికే పోతది. ఆయన యూనివర్సిటీల పనిల కోర్టు ఏలు పెట్టొద్దనే మనిషని వకీళ్లల్ల పేరున్నది. ఎండకాలం సెలవులైనంక కొత్త జడ్జిలొస్తున్నరు. ఒకాయన వకీలుగా ఉన్నప్పుడు కాంట్రాక్టు లెక్చరర్ల కేసులు బాగ కొట్లాడిండు. ఆయనకే ఈ సబ్జెక్టు ఇస్తరని మాట. ఆగుతరా, ఎయ్యమంటరా, మీ ఇష్టం."

"మీరేమంటరు సార్?" అని ఆమె అడిగింది.

"నేను రెండు తీర్ల చేస్త మేడం. చెప్పుండ్రి."

ఎటూ చెప్పకుండా ఫీజు తీసుకునే విద్య ఆ వృత్తిలో ఉంది. ఆమె ఫోను పెట్టేసి మా వైపు చూసింది. "వచ్చే ఆదివారం మీరందరు ఉన్నప్పుడు వస్త సార్. ఇంత చదువుకున్నోళ్లు ఉన్నరు. మీరు చెప్పినట్ట చేస్త" అంది.

ఆ వారంలోనే నా మిత్రుడు నాతో అన్నాడు: "ఆగుడేంది సారూ? రేపే ఎయ్యాలె. జడ్జి మొఖం చూసి కేసేసుడు, పంచాంగం చూసి లగ్గం పెట్టుకున్నట్టే." నా అభిప్రాయమూ అదే. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. ఆ ఆదివారం చర్చ ఎందుకు పెట్టాలి? నేరుగా చెప్పేస్తే పోయేది. కానీ వేదిక వేదికే కదా. అందరూ వచ్చారు, టీ వచ్చింది, గిన్నె వచ్చింది. 'ఆగాలా, వద్దా' అని చీటీలు వేశారు. నాకు 'వద్దు' వచ్చింది. మిత్రుడికి 'ఆగాలి' వచ్చింది. ఆయన చీటీ చూసుకుని నవ్వాడు.

ఆమె అప్పటికి రాలేదు. సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి రావాలి, ఎప్పుడూ ఆలస్యమే. ఆమె గడప దాటి లోపలికి వచ్చేసరికి చీటీలు తీయడం అయిపోయింది. ఆమె మూలనున్న స్టూలు మీద కూర్చుంది.

నేను ముందు మాట్లాడాను. నమ్మిన మాట చెప్పేటప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. మనిషిని చూసి న్యాయం అడిగేవాడు న్యాయాన్ని నమ్మనట్టేనని అరిచాను. మనం ముహూర్తాలను తిట్టి, కోర్టు బెంచీల ముహూర్తాలు చూడటం సిగ్గుచేటన్నాను. సెలవులైనాక ఎవరొస్తారో, వచ్చినవాళ్లు ఎంతకాలం ఉంటారో ఎవరికి తెలుసని అడిగాను. మంచి ప్రశ్నే. దాని దగ్గర ఆగి, దాన్నే విప్పి చెప్పాల్సింది. అది వదిలేసి సిద్ధాంతంలోకి వెళ్లిపోయాను.

తర్వాత మిత్రుడు లేచాడు. తను నమ్మని మాటను అంత చల్లగా, అంత అందంగా చెప్పగల మనిషిని నేను మరొకరిని చూడలేదు.

"సారు బాగ కోపంగ మాట్లాడిండు. కోపం ఆయనది, ఉద్యోగం చెల్లెది," అని మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. "రైతు అదును చూసి ఇత్తనం పెడ్తడు. దాన్ని మూఢనమ్మకం అందమా? వాన రాకముందే పెట్టి, నేను హేతువాదిని అనుకుంట కూసుంటడా? జడ్జి శనిగ్రహం కాదు, మనిషి. మనిషన్నంక ఒక ఆలోచన ఉంటది, ఒక పట్టు ఉంటది. గది చూసుకొని అడుగేసుడు తెలివి. ఎవరున్నా అంతా మంచే జరుగుతదని కండ్లు మూసుకొని పోవుడున్నదే, దాన్ని భక్తి అంటరు. మన సారు ఇన్నేండ్లు భక్తిని తిట్టి, ఇయ్యాల భక్తుడైండు."

చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది. చేతులు ఎత్తమంటే గదిలో దాదాపు అన్ని చేతులూ ఆయనకే లేచాయి. ఎత్తినవాళ్లలో ఆర్ఎంపీ డాక్టరు నా పక్కనే కూర్చున్నాడు. "ఎయ్యాల్సిందే గని, మాట మాత్రం ఆయనదే సారూ, ఏం జెప్పిండు!" అని నా చెవిలో అన్నాడు.

మూలన కూర్చున్న ఆమె ఆ లేచిన చేతులన్నీ చూసింది.

సాయంత్రం బస్టాండులో నేను ఆమెకు మళ్లీ చెప్పాను. "ఆగకు. రేపే వేయించు."

ఆమె మెల్లగా నవ్వింది. "అందరు చేతులెత్తిండ్రు కద సార్. మీరొక్కరే కాదంటున్నరు. ఓడిపోయిండ్రని కోపమా?"

మా చీటీల పద్ధతి ఆమెకు తెలుసనే అనుకున్నాను. ఓడినవాడు తర్వాత ఏం మాట్లాడినా ఓటమి వాసనే వస్తుంది. సిరిసిల్ల బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని, కిటికీలో నుంచి "ఆగుత సార్, ఎండకాలమే కద" అంది.

ఆ వేసవిలో మా వేదిక ఏమైపోయిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ప్రెస్‌లో పెళ్లిళ్ల పని జోరుగా సాగుతుంటే, అచ్చు యంత్రాల చప్పుడులోనే మా వాళ్లు హైకోర్టు సంగతులు మాట్లాడేవారు. ఫలానా ఆయన రిటైరవుతున్నాడు, ఫలానా ఆయన ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా పోయాడు, ఫలానా ఆయన సీనియారిటీలో పైకి వస్తాడు. గ్రహాల స్థానాలు చెప్పే పంతుళ్లను ఎగతాళి చేసిన నోళ్లే అవి. తర్వాత మూఢం వచ్చింది. మూఢంలో పెళ్లిళ్లుండవు, ప్రెస్ ఖాళీగా ఉంటుంది. కోర్టుకూ అప్పుడే సెలవులు. "మూఢం పోనియ్యి చెల్లె, అన్ని మంచిగైతయ్" అని మిత్రుడు ఫోనులో ఆమెతో అనడం నేను విన్నాను. మొదట ఎగతాళిగానే అన్నాడు. రెండోసారి అన్నప్పుడు ఎగతాళి లేదు. చీటీలో వచ్చిన పక్షాన్ని ఆయన నెమ్మదిగా తనది చేసుకుంటున్నాడు. గెలిచిన మాటకు ఆ గుణం ఉంది, చెప్పినవాణ్ని కూడా లోబరుచుకుంటుంది.

ఆ రోజుల్లోనే జగిత్యాలలో ఒక విందులో నా పాత శిష్యుడు కలిశాడు. యూనివర్సిటీ పరిపాలనా భవనంలో సెక్షన్ ఆఫీసరు. ఆమె సంగతి ఎత్తాను. ఇటూ అటూ చూసి, నవ్వుతూ చెప్పాడు.

"మీరే కాదు సార్, మేం గూడ ఆగుతున్నం. మా దగ్గర ఫైలు కదలాలంటే ముందుగాల కోర్టుల ఎవలున్నరో అడుగుతరు. ఒక జడ్జి మారిండంటే మా దాంట్ల కొన్ని ఫైళ్లు లేస్తయ్, కొన్ని పండుకుంటయ్. ఫీజులైనా, ప్రమోషన్లైనా, ప్రైవేటు కాలేజీల పర్మిషన్లైనా గంతే. ఇప్పుడున్నాయన ఉండంగనే కొన్ని రద్దులు చేసుకుంటే మంచిదని మా వాళ్ల లెక్క ఉండె."

"మరి ఆయన పోయాక?"

"పోయినంక అచ్చెటాయన గూడ ఎప్పుడో ఒకప్పుడు పోతడు కద సార్. యూనివర్సిటీ ఏడికి పోతది?"

వాడి మాటలో దాపరికం లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నిజం తెలిసి, దాన్ని దాచకుండా చెప్పినవాడు వాడొక్కడే. విద్య గురించి పుస్తకాలు రాసేవాళ్లం, యూనివర్సిటీ అంటే పాఠాలు, పరిశోధన అనుకుంటాం. అది ముందుగా ఓ పెద్ద కక్షిదారు. మనిషి కక్షిదారుకు వయసు పెరుగుతుంది, అద్దె పెరుగుతుంది, ఓపిక తరుగుతుంది. యూనివర్సిటీకి అవేవీ లేవు. దాని తరఫున ఆగే పని వేరేవాళ్లు జీతం తీసుకుని చేస్తారు. హైకోర్టులో కుర్చీలు మారినప్పుడల్లా అది లాభపడుతుందని కాదు. నష్టపోదు, అంతే. ఆ కాస్త తేడాతోనే అది గెలుస్తుంది.

సెలవులయ్యాక కోర్టు తెరిచారు. వకీలు చెప్పినట్టే కొత్తగా ప్రమాణం చేసినవారిలో ఆ న్యాయమూర్తి ఉన్నాడు. యూనివర్సిటీ కేసులూ ఆయనకే వచ్చాయి. కేసు వేశారు. ఆ పోస్టును కేసు తేలేదాకా వేరేవాళ్లతో నింపొద్దని ఆయన మొదటి రోజే ఉత్తర్వు ఇచ్చాడు. ప్రెస్‌లో మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

"ఏమంటవు సారూ? భక్తుడివి నువ్వా, నేనా?" అని మిత్రుడు నా భుజం చరిచాడు.

వాదనలు జరిగిన రోజు ఆమె పీజీ సెంటర్ స్టాఫ్‌రూములో, నేను జగిత్యాలలో నా ఇంట్లో, ఫోనుల్లో చూశాం. ఇప్పుడు కోర్టును ఫోనులో చూడవచ్చు. యూనివర్సిటీ వకీలు మొదట ఎత్తిన అభ్యంతరం ఆలస్యం. నోటిఫికేషన్ రద్దయి ఇన్ని నెలలైంది, అప్పుడు రాకుండా ఇప్పుడెందుకు వచ్చిందని. న్యాయమూర్తి చేత్తో తోసిపుచ్చాడు. కొన్ని నెలల ఆలస్యం చూపి మీ తప్పును కప్పుకోలేరన్నాడు. ఎంపికైన అభ్యర్థి చేసిన తప్పేమిటో చెప్పమన్నాడు. యూనివర్సిటీ వకీలు చెప్పలేకపోయాడు. తీర్పు వాయిదా వేశారు. ఆమె ఫోను చేసి ఏడ్చింది. "సార్, ఆయన నా దిక్కు అడిగిండు సార్. నేనేం తప్పు చేసిన్నని అడిగిండు."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమె తరఫున ఎవరూ అడగలేదు. నేను కూడా.

తీర్పు రేపు వస్తుంది, వచ్చే వారం వస్తుందని చూస్తున్నాం. రోజూ సాయంత్రం హైకోర్టు మరుసటి రోజు కేసుల జాబితా వెబ్‌సైటులో పెడుతుంది. మా వేదికలో సగం మంది అది చూసి కానీ అన్నానికి కూర్చోవడం లేదు. ఈలోగా పీజీ సెంటర్‌లో కొత్త విద్యా సంవత్సరం వచ్చింది. రెగ్యులర్ అధ్యాపకులు లేరు, పోస్టు కోర్టులో ఉంది కాబట్టి అర్థశాస్త్రంలో ఈ ఏడు కొత్తవాళ్లను చేర్చుకోవడం లేదని యూనివర్సిటీ బోర్డు పెట్టింది. సిరిసిల్లలో బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, మగ్గాల మీద పనిచేసే ఇళ్ల పిల్లలు, ఆ బోర్డు చదువుకుని ఇంటికి పోయారు. ఆమెకు రెండో సంవత్సరం క్లాసు ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఆ న్యాయమూర్తిని మరో రాష్ట్రపు హైకోర్టుకు బదిలీ చేశారు.

పత్రికలో రెండు వాక్యాల వార్త. న్యాయపాలన మెరుగు కోసం అని ఉంది. ఉండవచ్చు. ఢిల్లీలో కూర్చుని ఆ నిర్ణయం చేసినవారికి ఆమె ఉందని తెలియదు, తెలియనక్కరలేదు కూడా. ఆయన వెళ్లేముందు కొన్ని తీర్పులు చదివాడు. ఆ రోజు జాబితా మిత్రుడు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు. ఆమె కేసు లేదు. ఆ న్యాయమూర్తి అన్న మంచి మాటలు ఎక్కడా రాసి లేవు. కోర్టులో నోటిమాటకు విలువ లేదు. కేసును కొత్త న్యాయమూర్తి మొదటినుంచి వినాలి.

ఆ నియమాన్ని నేను తప్పుపట్టలేను. వినని మనిషి తీర్పు చెప్పకూడదు. మా వేదికలో కూడా సగంలో వచ్చినవాళ్లు చెయ్యెత్తకూడదు. కోపం తెచ్చుకోవడానికి ఒక తప్పు కావాలి. ఇక్కడ ఎవరిని పట్టుకుని అడిగినా తన వంతు సరిగ్గానే చేశాడు. జీవితమంతా కారణాలు వెతికినవాడికి, కారణాలన్నీ సరిగ్గా ఉండి ఫలితం ఇంత అన్యాయంగా ఉంటే ఎటు తిరిగి అరవాలో తెలియదు.

అంతలో ప్రెస్‌కు మెట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చాడు. గృహప్రవేశం కార్డులు కావాలట. పేరు కింద 'అసిస్టెంట్ ప్రొఫెసర్' అని వేయమన్నాడు. మిత్రుడు ఊరికే అడిగాడు, ఉద్యోగం ఎప్పుడొచ్చిందని.

"కోర్టు ఇప్పిచ్చిందన్నా. వేరే యూనివర్సిటీ. నన్ను తీసుకొని, నోటిఫికేషన్ రద్దంటే, వెంటనే కేసేసిన."

"వెంటనే అంటే ఎప్పుడు?"

"ఎండకాలం సెలవులకు ముందుగాల."

మిత్రుడు చేతిలో ఉన్న కార్డు కింద పెట్టాడు. "జడ్జి ఎవలుండె?"

ఆయన చెప్పాడు. మేము తప్పించుకున్న న్యాయమూర్తే. యూనివర్సిటీల పనిలో వేలు పెట్టడని వకీళ్లలో పేరున్న మనిషే.

"ఆయన మీ కేసు ఒప్పుకున్నడా?"

"పేపర్లు సదివిండు, ఇచ్చిండు. జడ్జి ఎసొంటోడో నాకేం తెలుసన్నా? వకీలు సంతకం పెట్టుమన్నడు, పెట్టిన. అంజన్నకు మొక్కుకున్న. గంతే. ముహూర్తం జెర్ర పెద్దక్షరాలల్ల వెయ్యుండ్రి."

ఆయన వెళ్లాక మిత్రుడు ఆ కార్డు నమూనాను నా ముందుకు జరిపాడు. అంజన్నకు మొక్కినవాడు బెంచి చూడకుండా కోర్టుకు వెళ్లాడు. మొక్కులను ఖండించిన మేము బెంచిని చూసుకుంటూ కూర్చున్నాం. మిత్రుడు ఆ కార్డుల్లో ముహూర్తాన్ని చెప్పినట్టే పెద్ద అక్షరాల్లో వేశాడు.

కొత్త న్యాయమూర్తి ముందు కేసు వచ్చిన రోజు నేను ఆమె వెంట హైదరాబాదు వెళ్లాను. ఫోనులో వద్దు, ఎదురుగా నిలబడతానంది. మెట్‌పల్లి ఆయన తీర్పు కాపీ వకీలు చేతిలో ఉంది. ధైర్యంగానే లేచాడు. న్యాయమూర్తి ఓపికగా విన్నాడు. ఆ తీర్పు తిరగేసి చూశాడు. ఆ అభ్యర్థి వెంటనే వచ్చాడు కదా అని, ఒక్క ప్రశ్న అడిగాడు.

నోటిఫికేషన్ రద్దయిన తర్వాత మీ పిటిషనరు ఇన్ని నెలలు ఎందుకు ఆగింది?

నిజాయితీ గల ప్రశ్న. అంతకంటే నిజాయితీ గల జవాబు మా దగ్గర ఉంది, కానీ దాన్ని ఆ గదిలో పలకలేము. వకీలు కాగితాలు సర్దుకున్నాడు. "పిటిషనరు ఆరోగ్యం సరిగ్గా లేదు," అన్నాడు ఇంగ్లీషులో. సర్టిఫికెట్ ఉందా అని న్యాయమూర్తి అడిగాడు. లేదు. వెనక వరుసలో ఆమె నా పక్కన నిలబడి ఉంది. పక్కకు తిరిగి నా ముఖం చూసింది. యూనివర్సిటీ వకీలు లేచి, అర్థశాస్త్రంలో విద్యార్థులే లేరని, ఇప్పుడు ఆ పోస్టు అవసరం కూడా లేదని చెప్పాడు. విద్యార్థులు ఎందుకు లేరో అక్కడ ఎవరూ అడగలేదు. ఆలస్యం కారణంగా కేసు కొట్టేశారు. ఇకముందు నోటిఫికేషన్ వస్తే దరఖాస్తు చేసుకోవచ్చని ఒక వాక్యం దయతో చేర్చారు.

బయట వరండాలో ఆమె వకీలును అడిగింది. "నాకేం రోగమచ్చింది సార్?"

"ఇంకేం చెప్పమంటరు మేడం? 'అప్పుడున్నాయన మంచోడు కాదని ఆగినం' అని చెప్పుమంటరా?" అతనికీ బాధగానే ఉంది. గౌను విప్పి చేతి మీద వేసుకున్నాడు. "అప్పీలు ఉంది మేడం, ఇద్దరు జడ్జిల బెంచి. అందుల గూడ ఒకాయన మారుతున్నడంట. కొద్దిగ ఆగితే..."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వకీలు మాట అక్కడే ఆపేశాడు.

బస్సు సిద్దిపేట దాటింది. అప్పుడు ఆమె, రెండో సంవత్సరం పిల్లల పరీక్షలైపోతే సెంటర్‌లో తనకు క్లాసులుండవని, సిరిసిల్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు అడుగుతున్నారని చెప్పింది. ఇంటర్ పిల్లలకు గిరాకీ, సరఫరా చెప్పాలి. "సులువే సార్" అంది.

ఆ పరీక్షలైపోయాక ఒక ఆదివారం ఆమె ప్రెస్‌కు వచ్చింది. జీవితంలో మొదటిసారి మా కంటే ముందే. అప్పటికి ఆమెకు ఆలస్యం చేయించే క్లాసులు, దిద్దే పేపర్లు ఏవీ లేవు. మిత్రుడు కుర్చీ వేసి, టీ తెప్పించాడు. అప్పీలు సంగతి ఎవరూ ఎత్తలేదు. అలవాటు కొద్దీ ఆయన కత్తెర తీసుకుని పాత కార్డు ముక్కలు చేయసాగాడు. ఆ రోజు చర్చ జాతరల మీద. అందరూ వచ్చారు. గిన్నె తిరిగింది. పాత కమ్యూనిస్టుకు 'జాతరలు కావాలి' అని వచ్చింది. బతుకంతా జాతరలను తిట్టిన ఆ మనిషి లేచి, జాతర బీదవాడి విశ్వవిద్యాలయమని అద్భుతంగా మాట్లాడాడు. చప్పట్లు, చేతులు.

ఆమె గిన్నె వైపు చూసింది. అందులో మిగిలిన చీటీ ఒకటి తీసి, విప్పి చదివింది. మళ్లీ మడిచింది.

"అన్నా," అంది మిత్రుణ్ని. "ఎప్పుడు గిట్లనేనా? ఏది వస్తే గది మాట్లాడుతరా?"

"అవును చెల్లె. గదే మన పద్ధతి."

"నా సంగతి మాట్లాడిన రోజు గూడ?"

మిత్రుడు అబద్ధమాడే మనిషి కాడు. అదే మా అందరి గొప్ప.

"చీటీ గట్ల అచ్చింది చెల్లె," అన్నాడు.

"ఆగుమన్నది మీరు నమ్మి అన్లేదా?"

"లేదు. రేపే ఎయ్యాలె అని సారుకు ఆ వారమే చెప్పిన."

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. తర్వాత గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఆర్ఎంపీ డాక్టరును చూస్తూ, "మీరు చెయ్యెత్తిండ్రు" అంది.

"మాట బాగున్నదని ఎత్తిన బిడ్డా. ఆగుమని కాదు."

"మరి మీరు?"

పాత కమ్యూనిస్టు కూడా అదే చెప్పాడు. ఆమె ఇంకెవరినీ అడగలేదు. సంచి భుజానికి వేసుకుని, చీటీని తిరిగి గిన్నెలో వేసింది.

"అంటే గీ గదిల ఆగుమనే మాటను నమ్మినోళ్లు ఒక్కరు గూడ లేరన్నట్టు," అంది గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ. "నేనొక్కదాన్నే నమ్మిన."